డెక్కు ప్యాసింజర్లు (మా వాడ కథలు – 17)



ఈ వారం ఓడల గురించి. ములకలపల్లి అడివంచున పుట్టినవాడికి ఓడలతో ఏం పని అనుకోవద్దు. మాకు సముద్రం లేని మాట నిజమే. కిన్నెరసాని ఉంది, భద్రాచలం పోతే గోదారి ఉంది, అంతే. కానీ మా అమ్మమ్మ నోట్లో ఒక రేవుల పట్టిక ఉండేది. అక్షరం ముక్క రాని మనిషి. అయినా మనం కొత్తగూడెం బస్సు ఆగే ఊళ్ళు చెప్పినట్టు వరసగా చెప్పేది: కాకినాడ, ఇశాపట్నం, భీమిలి, ఆ తర్వాత మూడు నాలుగు రోజులు నీళ్ళే నీళ్ళు, ఆ తర్వాత రంగం. రంగం అంటే రంగూన్. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు.

అమ్మమ్మ వాళ్ళది కోనసీమ మాలపల్లె. ఆమె తండ్రి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడానికి రంగం పోయినవాడు. అందుకే ఇంట్లో అందరికీ ఆయన రంగం తాత. అసలు పేరు మా తరంలో సగం మందికి తెలియదు. ఆ కుటుంబం తర్వాత కూలి వెతుక్కుంటూ ఇటు ఏజెన్సీ అంచుకు వచ్చి ములకలపల్లి దగ్గర నిలబడింది. కోయల భూముల మధ్య భూమి లేని దళితులుగా బతకడం వేరే కథ, దాన్ని ఇంకో వారం రాస్తాను.

ఇప్పుడు ఓడల మాట ఎందుకొచ్చిందంటే, పాత ప్రయాణికుల ఓడల మీద మోజు పడేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. 1920లు, 30ల నాటి ఓడల పోస్టర్లు ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు. ఆ ఓడల భోజనశాలల మెనూ కార్డులు, ఏ రోజు ఏ రేవులో ఆగుతుందో అచ్చేసిన పట్టికలు డబ్బు పోసి కొనుక్కుంటారు. లండన్‌లో ఎక్కితే జిబ్రాల్టర్, మార్సెయ్, పోర్ట్ సయీద్, సూయజ్ కాలువ, ఏడెన్, బొంబాయి. ఇది పి అండ్ ఓ కంపెనీ మెయిలు ఓడల దారి. ఆ పేర్లు చదువుతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది, నాకూ లాగుతుంది. అందులో తప్పు లేదు. అయితే ఆ జ్ఞాపకం ఎవరిది? కార్డు అచ్చేసింది ఎవరి కోసం? మెనూ కార్డు లేని ప్రయాణికుడి జ్ఞాపకం ఎక్కడ దాచారు?

'పాష్' అనే మాట ఉంది కదా, బంజారా హిల్స్ పాష్ ఏరియా అంటాం. ఇండియాకు వచ్చేటప్పుడు ఎడమ పక్క గది, ఇంటికి పోయేటప్పుడు కుడి పక్క గది, అంటే రెండు సార్లూ నీడ పక్క గది, డబ్బున్నవాళ్ళు అడిగి తీసుకునేవాళ్ళని, ఆ నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే పాష్ అయిందని ఒక కథ చెబుతారు. నిఘంటువులు రాసేవాళ్ళు ఈ కథను ఒప్పుకోరు. ఆ నాలుగక్షరాలు ముద్ర వేసిన టికెట్టు ఒక్కటీ దొరకలేదు. అయినా కథ చావదు. నీడ ఎవరిది, ఎండ ఎవరిది అన్న లెక్క అందులో ఉంది కాబట్టే చావదని నాకనిపిస్తుంది. మనవాళ్ళకు ఎడమ పక్కా లేదు, కుడి పక్కా లేదు. నెత్తి మీద ఆకాశం, కింద ఇనుప రేకు.

దాన్నే డెక్ ప్యాసేజీ అన్నారు. గది లేదు, మంచం లేదు. ఎవరి చాప వాళ్ళది. చాప పరిచినంత మేరా ఇల్లు. వానొస్తే తడవడమే. కాకినాడలో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, లోతు చాలదు. మైళ్ళ దూరంలో సముద్రంలోనే నిలబడుతుంది. జనాన్ని పడవల్లో తీసుకుపోయి ఎక్కించేవాళ్ళు. అలల మీద పడవ ఎగిరి పడుతుంటే ఓడ పక్కన నిచ్చెన పట్టుకోవడానికి రంగం తాత మొదటిసారి వణికిపోయాడట. గోదారి ఈదినవాడు.

ఈ ఓడలు నడిపిన పెద్ద కంపెనీ పేరు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్. 1856లో కలకత్తా నుంచి బర్మాకు నడపడానికి పుట్టిన కంపెనీ అది. వాళ్ళదే రజులా అనే ఓడ ఒకటుంది, 1926లో కట్టింది. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్, సింగపూర్ దాని దారి. దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. ఓడల ప్రేమికులు దాన్ని కూడా ముద్దుగా తలుచుకుంటారు. కొత్తలో దానికి ఇచ్చిన అనుమతి చూడండి: గదుల్లో రెండొందల లోపు, డెక్కు మీద ఐదు వేలకు పైగా. ఈ లెక్క పిల్లలకు చెప్పినప్పుడు ఒకమ్మాయి, అన్నా మా హాస్టల్ కూడా ఇంతే కదా అంది. నవ్వుకున్నాం. కానీ ఆ లెక్కలో అసలు సంగతి ఏంటంటే, ఓడకు పేరు తెచ్చింది పై అంతస్తు గదులు, ఓడను నింపింది మనం.

మా అడివి కూడా ఒకప్పుడు ఓడల పట్టికలోకి ఎక్కాల్సిందే. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక గోదారి మీద ఎగువకు, నాగపూర్ దిక్కు పత్తి పండే సీమ దాకా పడవలు నడపాలనుకున్నాడు. మన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు అందుకే కట్టారు. 1871లో పని ఆపేశారు. భద్రాచలం నుంచి పర్ణశాల పోయేటప్పుడు చూడండి, రాయి ఇంకా ఉంది. పత్తి బేళ్ళు సముద్రం చేరాలని అంత రాయి పేర్చారు. మనిషి సముద్రం చేరాలంటే మాత్రం నడిచే పోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రం. కాలాపానీ అన్నారు. పెద్ద కులాలవాళ్ళు చదువులకు సీమ పోయొచ్చి ప్రాయశ్చిత్తాలు చేసుకున్న కథలు మనం చదివాం. వాళ్ళకు అది భయం. మనకు భయమెందుకు? దాటితే పోయేదే అయితే, కోనసీమ నుంచి కళింగపట్నం దాకా ప్రతి మాలపల్లె, మాదిగవాడ పరిగెత్తుకుంటూ పోయి ఆ నీళ్ళలో మునిగి ఉండేది. కానీ కులం మునగలేదు. టికెట్టు లేకుండా మనతోపాటే ఓడెక్కింది.

రుజువు కావాలంటే నాటాల్ ఓడల జాబితాలు చూడండి. 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసులో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలో దర్బన్ చేరింది. 342 మంది. చెరుకు తోటల్లో ఒప్పందం మీద పోయిన మొదటి బృందం. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది అట్ల పోయారు. మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే. అందులో తమిళులు, తెలుగువాళ్ళు. ప్రతి మనిషికీ ఒక నంబరు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. పై అంతస్తు ప్రయాణికుడికి మెనూ కార్డు ఇచ్చారు, మనకు కులం గడి ఇచ్చారు. మాల, మాదిగ, పరయ, కాపు, వెలమ అని రాసుకుంటూ పోయారు. ఎడమ మోకాలి మీద మచ్చ ఎట్లనో కులం అట్ల, మనిషి దొరక్కపోతే పట్టుకోవడానికి ఆనవాలు.

ఆ కులం గడిలోనే కొందరికి 'క్రిస్టియన్' అని ఉంటుంది. విద్యార్థులు ఇక్కడ ఆగి చూడాలి. గుమస్తాకు అది కూడా ఒక కులమే. వాడికి తెలిసిన నిజం వాడు రాశాడు: ప్రార్థన మార్చుకున్నా వాడ మారలేదు. తొంభై ఏళ్ళ తర్వాత, 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు దీన్ని తలకిందులు చేసింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడు ఇంకా బయటే. నా మేనమామ కొడుకు సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసులో మూడు నెలలు తిరిగాడు. మీ తాత ఎక్కడివాడు, ఇక్కడికి ఎప్పుడొచ్చారు, చర్చికి పోతారా, ఇంట్లో శిలువ ఉందా అని అడిగారు. ఓడ గుమస్తా అరనిమిషంలో రాసిన దాన్ని రాయడానికి మనవాళ్ళకు మూడు నెలలు చాలలేదు. కూలికి తీసుకుపోయేటప్పుడు కులం ఎంత తొందరగా దొరుకుతుందో, హక్కు ఇచ్చేటప్పుడు అంత తొందరగా మాయమవుతుంది.

ఓడ లోపల కూడా కులమే పని పంచింది. పోస్టర్లలో తెల్లగా మెరిసే ఆ ఓడలను నడిపింది ఎవరు? డెక్కు మీద లస్కర్లు, వాళ్ళ మీద సరంగు. కింద బాయిలరు దగ్గర బొగ్గు వేసేవాళ్ళను ఆగ్‌వాలాలు అన్నారు. భోజనాల దగ్గర గోవావాళ్ళు. ఒక్కో పనికి ఒక్కో జాతి, ఊళ్ళో ఉన్నట్టే. మన సింగరేణి బాయిల్లో దిగిన కుటుంబాల పిల్లలకు ఆగ్‌వాలా బతుకు నేను చెప్పనక్కర్లేదు, ఆ సెగ మీ ఇళ్ళల్లో తెలుసు. వీళ్ళందరి కింద ఇంకొకడు ఉండేవాడు. వాణ్ణి టోపాస్ అనేవాళ్ళు. మరుగుదొడ్లు కడిగేవాడు, ఊడ్చేవాడు. ఆ పనికి ఏ కులాలను వెతికి తెచ్చేవాళ్ళో ఊహించడం కష్టం కాదు. మొదటి తరగతి భోజనశాల ఫోటోలు వందలు దొరుకుతాయి. టోపాస్ ఫోటో ఒక్కటి వెతికి పెట్టండి.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వస్తాను. 1930 అక్టోబరు 4న ఆయన బొంబాయిలో వైస్రాయ్ ఆఫ్ ఇండియా అనే ఓడ ఎక్కాడు, మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి. పి అండ్ ఓ కంపెనీ ఏడాది ముందే నడపడం మొదలుపెట్టిన ఓడ. లోపల ఈత కొలను కూడా ఉంది. చవుదారు చెరువు నీళ్ళు తాగినందుకు మహాడ్‌లో మనవాళ్ళ తలలు పగిలి అప్పటికి మూడేళ్ళు. నీళ్ళ కోసం దెబ్బలు తిన్న జాతి నాయకుడు ఈత కొలను ఉన్న ఓడలో పోతున్నాడు, ఆ జాతి మాట చెప్పడానికి. ఓడల చరిత్ర రాసేవాళ్ళు దాని ఇంజను గొప్ప చెబుతారు, 1942 నవంబరులో ఓరాన్ దగ్గర జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచిందని చెబుతారు. మనం చెప్పుకోవాల్సింది ఆ ప్రయాణం. ఆ ఓడలోనూ ఒక టోపాస్ ఉండే ఉంటాడు. బాబాసాహెబ్ నడిచిన వరండా వాడే ఊడ్చి ఉంటాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారా లేదా అని నేను చాలాసార్లు అనుకుంటాను.

ఆ సమావేశానికి మన తరఫున పోయింది ఇద్దరు. రెండోవారు మద్రాసు నుంచి రెట్టమలై శ్రీనివాసన్. ఆయన అంతకు ముందు దక్షిణాఫ్రికాలో ఏళ్ళ తరబడి కోర్టులో దుబాసీగా పనిచేసినవాడు. ట్రూరో పోయిన నేల మీదే. నంబరు వేసిన కూలీల మాటను తెల్ల జడ్జికి వినిపించిన మనిషి, తర్వాత మన మాటను లండన్‌లో వినిపించాడు. ఈ గీత మన పాఠ్యపుస్తకాల్లో ఎవరూ గీయరు.

అంతకు ముందు 1917 సంగతి ఇంకా చేదు. అమెరికా, లండన్ చదువుల తర్వాత బాబాసాహెబ్ యుద్ధకాలంలో ఇంటికి వస్తున్నాడు. ఆయన ఒక ఓడలో, ఆయన పుస్తకాల సామాను ఇంకో ఓడలో. సామాను ఓడను టార్పెడోతో ముంచారు. ఏళ్ళ తరబడి కొన్న పుస్తకాలు పోయాయి. నష్టపరిహారం ఆరు వందల రూపాయలు వస్తే, అందులోంచే ఇంటికి కొంత ఇచ్చి బరోడా ఉద్యోగానికి పోయాడు. అక్కడ ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చి దిగితే, కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు, పరదేశంలో ఉన్న ఐదేళ్ళలో తాను అంటరానివాణ్ణన్న తలంపే మనసులోంచి చెరిగిపోయిందని కూడా రాశాడు. సముద్రం దాటితే కులం పోవడం ఏమో గానీ, తిరిగి దాటితే రేవులో ఎదురు వచ్చి నిలబడుతుంది.

రంగం తాత అంత చదివినవాడు కాదు. ఆయన చూసిన రంగం వేరే. మేస్త్రీ ఊళ్ళోనే అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు, ఓడ చార్జీ దగ్గర నుంచి అన్నీ అక్కడ కూలిలో కోసుకునేవాడు. బియ్యం మిల్లులు, రేవు పని, రిక్షా లాగడం. రంగూన్ ఊడ్చే పని, మలం ఎత్తే పని చేసినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. అక్కడ మనల్ని కోరంగీలు అనేవాళ్ళు, కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద. అది ఊరి పేరుగా మొదలై తిట్టుగా మారింది. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. కాంట్రాక్టర్లు వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టారు. రాజీ కుదిరి మనవాళ్ళు పనికి తిరిగొస్తే, బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఆ రోజు మొదలైన కొట్లాటలో తెలుగు కూలీలను వీధుల్లో వెంటాడి చంపారు. లాభం తెల్ల కంపెనీది, కూలి తక్కువ ఇద్దరికీ, శవాలు మనవి. పొట్ట చేత పట్టుకున్న ఇద్దరు పేదోళ్ళను ఎదురెదురుగా నిలబెట్టడం ఎట్లనో ఆ కంపెనీలకు బాగా తెలుసు. మన జిల్లాలో కూడా తెలుసు, పేర్లు వేరు.

ఇంత చెప్పి, రంగం పోవడం అంతా ఏడుపే అంటే అబద్ధం. మనవాళ్ళు ఎందుకు మళ్ళీ మళ్ళీ పోయారు? ఊళ్ళో పాలేరు అప్పు తీరని చోట, రంగం కూలి రూపాయల్లో చేతికొచ్చింది. ఉస్మానియాలో చరిత్ర చెప్పిన అడపా సత్యనారాయణ గారు ఈ వలసల మీద పనిచేశారు. దళితులు పెద్ద ఎత్తున పోయారని, ఆ డబ్బుతో ఊళ్ళో వాళ్ళ నిలబడే తీరు మారిందని ఆయన రాశారు. పరిశోధన చేసే పిల్లలు వెతికి చదవండి. మా ఇంట్లో రుజువు ఒక్కటే. రంగం తాత మొదటిసారి తిరిగొచ్చినప్పుడు కాళ్ళకు చెప్పులతో, చేతిలో గొడుగుతో, గొడుగు విప్పుకునే పెద్దవీధిలోంచి నడిచాడట. వాన లేదు, ఎండా లేదు, సాయంత్రం. ఎవరో అరుగు మీద నుంచి కేకేస్తే ఆగలేదు. మర్నాడు పల్లె మొత్తాన్ని పిలిచి తిట్టారు. ఆయన ఏమన్నాడో తెలియదు. ఆ ఏడే అరెకరం కొన్నాడని మాత్రం అమ్మమ్మకు బాగా తెలుసు. ఆ గొడుగు సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అప్పుడు తెలిసింది టికెట్టు విలువ. డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ళకు ముందు ఓడల్లో చోటు దొరికింది. లక్షల మంది నడిచారు. రంగం తాత దారి అమ్మమ్మ రెండో పట్టిక: రంగం, ప్రోమ్, కొండలు, టౌంగప్, అక్యాబ్, చిట్టగాంగ్, కలకత్తా, రాజమండ్రి. మొదటి పట్టిక గబగబా చెప్పేది. రెండోది చెప్పేటప్పుడు ప్రోమ్ దాటాక ఆగేది. ఆ కొండ దారిలో నీళ్ళు లేవు, కలరా వచ్చింది. తాతతో బయలుదేరినవాళ్ళు ఆరుగురు, రాజమండ్రిలో దిగింది ఇద్దరు. పోయినవాళ్ళను పూడ్చారా అని చిన్నప్పుడు అడిగితే, నడిచేవాడికి పారెక్కడిది నాయనా అంది.

1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కి దుకాణాలు జాతీయం చేశాక, ఇంకా మిగిలినవాళ్ళు కూడా ఓడల్లో మద్రాసుకు, విశాఖకు చేరారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అని ఇప్పటికీ ఉంది. కాందిశీకుల క్యాంపు పేరే ఊరి పేరయింది. అదే విశాఖకు 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విలాసాల ఓడ వచ్చింది, కార్డీలియా కంపెనీది. విశాఖ, పుదుచ్చేరి, చెన్నై దాని దారి. తర్వాత క్రూజ్ టెర్మినల్ కూడా కట్టారు. ఓడలో ఈత కొలను, నాటకశాల. చూడటానికి జనం ఎగబడ్డారు. పత్రికలు విశాఖకు పాత వైభవం తిరిగొచ్చిందని రాశాయి. పాత వైభవం! అదే విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) ప్రభుత్వ ఓడ ఇప్పటికీ పోతుంది, బంకు తరగతిలో శ్రీకాకుళం కూలీలతో. రెండు రోజుల పైన ప్రయాణం. దాని గురించి ఏ పత్రికా రంగుల పేజీ వేయదు.

చివరగా పని మాట. నాటాల్ జాబితాలు క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయం వాళ్ళు అందరికీ అందేటట్టు పెట్టారు. మీ ఊరి పేరు, తాలూకా పేరు వెతకండి. గుమస్తా తెల్లవాడి చెవితో విని రాసినవి కాబట్టి ఒక పేరు నాలుగు రకాలుగా ఉంటుంది, ఓపిక కావాలి. రంగం పోయిన డెక్కు ప్యాసింజర్లకు అంత మాత్రం జాబితా కూడా లేదు. వాళ్ళ రేవుల పట్టికలు మన ముసలమ్మల నోళ్ళల్లోనే ఉన్నాయి. కోనసీమ, కాకినాడ, శ్రీకాకుళం నుంచి మన ఖమ్మం, కొత్తగూడెం దిక్కు వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఈ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు కూర్చోబెట్టి అడగండి. ఏ రేవులో ఎక్కారు, మేస్త్రీది ఏ ఊరు ఏ కులం, ఓడలో ఏం తిన్నారు, ఎవరి పక్కన పడుకున్నారు, తిరిగి ఏ దారిన వచ్చారు, ఎవరు రాలేదు. ఫోన్లో రికార్డు చేయండి, తర్వాత రాద్దామని ఆగొద్దు. నాకు పంపండి. మా అమ్మమ్మ చెప్పింది నేను రాసుకున్నది రెండు పేజీలే. భీమిలికి, రంగానికి మధ్య ఆ మూడు నాలుగు రోజుల్లో ఏం జరిగేదో అందులో లేదు. మీ ఇళ్ళల్లో ఎవరికైనా తెలిసి ఉంటుంది.

వచ్చే వారం: పొగాకు బ్యారన్లు, ఏజెన్సీకి వచ్చిన మా మొదటి గుడిసె.